డీజిల్ పికప్ కొనాలా, కిరాయికి పిలవాలా? ముందు నోటుబుక్కు తీయండి

దాళ్వా (రబీ వరి) కోతలకు ముందు మా బావమరిది నుంచి ఏటా ఒక ఫోన్ వస్తుంది. "బావా, ఈసారి పికప్ తీసేసుకుంటా, డబ్బులన్నీ కిరాయిలకే పోతున్నాయి" అంటాడు. "పోయిన నెల ఎన్ని ట్రిప్పులు పిలిచావురా?" అంటే "చాలా" అంటాడు. చాలా అంటే ఎన్నో తెలియకుండానే పది లక్షల బండి ఇంటిముందు పెట్టుకున్నవాణ్ని నేను, అందుకే ఆ ప్రశ్న వదలను.

మీరూ కొనాలనుకుంటుంటే షోరూమ్‌కి వెళ్లకముందు రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. బండి పిలిచిన ప్రతిసారీ తేదీ, ఏం వేశారు, ఎంత బరువు, ఎన్ని కిలోమీటర్లు, కిరాయి ఎంత అని రాయండి. హమాలీ ఖర్చు కలపకండి, అది సొంత బండి ఉన్నా ఇవ్వాల్సిందే. ఒక్క సీజన్ రాస్తే లాభం లేదు, సార్వా (ఖరీఫ్), దాళ్వా రెండూ చూడాలి, ఎందుకంటే మన గోదావరి డెల్టాలో పని అంతా కొన్ని నెలల్లోనే కుప్పపడుతుంది. ఏప్రిల్లో బండి దొరక్క జుట్టు పీక్కుంటాం, ఎండాకాలం కాలువలు కట్టేసి మళ్లీ నీళ్లు వదిలేదాకా అదే బండి చెట్టు కింద కోళ్లకు నీడ ఇస్తుంది. గోదారి పొంగి లంకల దారులు మునిగే రోజుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఏడాది ఆగే ఓపిక లేకపోతే పాత ఫోన్‌పే లెక్కలు వెనక్కి తిప్పి కిరాయిలు ఏరుకోండి, చాలావరకు అందులోనే దొరుకుతాయి.

ఇప్పుడు ఖర్చు. అందరూ చూసేది ఈఎంఐ ఒక్కటే, "నెలకు పదిహేడు వేలే కదా, కిరాయిలకే అంత ఇస్తున్నాం" అని. ఆ లెక్కలో బండి విలువ పడిపోవడం లేదు, ఇన్సూరెన్స్ లేదు, చేతిలోంచి కట్టిన డబ్బు వడ్డీ లేదు. నేను వేసే పద్ధతి చెప్తాను, అంకెలు మీ ఊరి రేట్లకు మార్చుకోండి.

బండి రోడ్డెక్కేసరికి పది లక్షలు అయిందనుకుందాం. రెండు లక్షలు చేతి డబ్బు, ఎనిమిది లక్షలు లోను, వడ్డీ 11 శాతం, అయిదేళ్లు. ఈఎంఐ సుమారు 17,400 వస్తుంది, మొత్తం కట్టేది 10,44,000 దాకా, అంటే వడ్డీయే 2,44,000. అయిదేళ్ల తర్వాత బండి అయిదు లక్షలకు పోయిందనుకుంటే విలువ నెలకు 8,300 చొప్పున కరిగినట్టు. లోను వడ్డీ సగటున నెలకు 4,000. చేతి డబ్బు రెండు లక్షలు రూపాయి వడ్డీకి ఇచ్చుకున్నా నెలకు 2,000 వచ్చేది, అదీ రాయండి. ఇన్సూరెన్స్‌కి 3,000 పెట్టండి. 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 రేటు ప్రకారం ఏడాదికి 16,049, దాని మీద జీఎస్టీ, సొంత నష్టం పాలసీ. ట్యాక్సు, ఫిట్‌నెస్, చిల్లర మల్లర ఒక 1,000. కూడితే 18,300. బండి గేటు దాటకపోయినా ప్రతి నెలా ఇది పోతుంది.

తిరిగితే అయ్యే ఖర్చు వేరు. డీజిల్ లీటరు 97, లోడుతో 12 వస్తుందనుకుంటే కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు. టైర్లు, ఆయిలు, బ్రేకులు, కమాన్ పట్టీలు అన్నిటికీ ఇంకో రెండు. మొత్తం పది.

మీ నోటుబుక్కులో మామూలు ట్రిప్పు రానుపోను 40 కిలోమీటర్లు, కిరాయి 1,800 అయితే, సొంత బండికి అదే ట్రిప్పు 400 అవుతుంది. మిగిలేది 1,400. 18,300ని 1,400తో భాగిస్తే పదమూడు దాటుతుంది, కాబట్టి నెలకు పద్నాలుగు ట్రిప్పులుంటేనే బండి తన తిండి తను తింటుంది. అదీ స్టీరింగ్ మీరే పట్టుకుని, మీ పూటకు కూలి వేసుకోకపోతే. డ్రైవర్‌ని పెట్టి 15,000 ఇస్తే ఇరవైనాలుగు ట్రిప్పులు కావాలి. ఆదివారాలు తీసేస్తే దాదాపు రోజూ.

నాకు జరిగింది చెప్తాను. 2018లో కొత్తది తీసుకున్నాను, కొబ్బరి దింపు ఉంది, నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. మార్చి, ఏప్రిల్‌లో బాగానే తిరిగింది, ఒక నెల ఇరవై రెండు ట్రిప్పులు. జూలైలో రెండంటే రెండు, అందులో ఒకటి మా పెద్దమ్మ గారి బీరువా, దానికి డబ్బులేం తీసుకుంటాం. ఏడాది మొత్తం 109, నెలకు తొమ్మిది పడింది. అప్పటి రేట్లు వేరు కానీ ఎలా చూసినా కిరాయికి పిలుచుకుని ఉంటే చవక. రెండో ఏడు మేత కొట్టు ఆయనతో మాట్లాడుకుని నెలకు ఎనిమిది ట్రిప్పులు ఖాయం చేసుకున్నాక ఒడ్డున పడ్డాను. ఆ మాట కొనకముందే మాట్లాడుకుని ఉండాల్సింది. బయటి బేరం ఒక్కటైనా నోటిమాటగా ఖాయమయ్యాకే అడ్వాన్స్ కట్టండి.

రొయ్యల రైతులు ముఖ్యంగా ఒకటి గమనించాలి. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, బండి కావాలని అనుకుంటాం, కానీ ఆ రోజు కొనేవాళ్లే ట్రేలు, ఐసు, బండి అన్నీ తెచ్చుకుని చెరువు గట్టు మీదే కాటా వేసి పట్టుకుపోతారు. మనకు మిగిలేది మేత బస్తాలు, సున్నం, జనరేటర్‌కి డీజిల్ డ్రమ్ములు. మేత కూడా చాలా కొట్లవాళ్లు వాళ్ల బండిలోనే దింపుతారు. అన్నీ తీసేస్తే మిగిలే ట్రిప్పులు ఎన్ని అనేది నోటుబుక్కే చెప్పాలి.

వరి ఒక్కటే ఉన్నవాళ్లకు నా మాట, వద్దు. మన బస్తా 75 కిలోలు, 1.7 టన్నుల పికప్‌లో చట్టప్రకారం పట్టేది ఇరవై రెండు బస్తాలు, 1.3 టన్నులదైతే పదిహేడు. ఎకరం దాళ్వా ధాన్యానికి రెండు ట్రిప్పులు తిరగాలి. దానికి ట్రాక్టరు, లారీ ఉన్నాయి. పికప్ గిట్టుబాటయ్యేది ఏడాది పొడవునా చిన్న చిన్న లోడ్లు ఉండేవాళ్లకు. కడియం వైపు మొక్కలు పంపే నర్సరీలు, అంబాజీపేటకు కొబ్బరి తోలేవాళ్లు, రావులపాలెం అరటి వ్యాపారులు, చేపలవాళ్లు, షామియానాల సప్లై కంపెనీలు. పెళ్లిళ్ల సీజన్లో సప్లై కంపెనీ బండి రోజుకు మూడు ఇళ్లు తిరుగుతుంది, వాళ్లకు ఈ లెక్కలతో పనే లేదు.

ఓవర్‌లోడ్ వేసి ట్రిప్పులు తగ్గించుకుందాం అనే తెలివి అందరికీ వస్తుంది. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో దానికి 20,000 జరిమానా, పైన అదనపు టన్నుకు 2,000, పైగా ఎక్కువున్న సరుకు అక్కడే దింపించాలి. ఒక్కసారి దొరికితే పద్నాలుగు ట్రిప్పుల మిగులు ఎగిరిపోతుంది.

డీజిలే ఎందుకు అనేది ఇంకో ప్రశ్న. టన్నున్నర వేసుకుని వారధి ఎక్కాలంటే డీజిల్ లాగినట్టు వేరేది లాగదు, అది నిజం. కానీ మీ బరువు ఎప్పుడూ ఆరేడు వందల కిలోలే అయితే, తిరిగేది పది పదిహేను కిలోమీటర్లే అయితే, చిన్న సీఎన్‌జీ బండి చూడండి. మన కాళ్ల కింద కేజీ బేసిన్ గ్యాస్ పెట్టుకుని డీజిల్‌కి వందకు దగ్గరగా పెడుతున్నాం అని నాకు ఎప్పుడూ ఒక బాధ. బంకు మీ దారిలో ఉందో లేదో, క్యూ ఎంత ఉంటుందో మాత్రం ముందే చూసుకోండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్6 బండ్లు, అంటే పొగ మీద కొత్త నిబంధనల ప్రకారం చేసినవి. వాటిలో పొగ గొట్టానికి డీపీఎఫ్ అనే మసి పట్టే ఫిల్టర్ ఉన్న మోడల్ అయితే, అందులో చేరిన మసి కాలిపోవడానికి గొట్టం బాగా వేడెక్కాలి. కాలువ గట్ల మీద రెండో గేరులో ఇరవై స్పీడుతో తిరుగుతూ, నాలుగు కిలోమీటర్లకు ఒకసారి ఆపేస్తూ ఉంటే ఆ వేడి రాదు, లైటు వెలుగుతుంది, తర్వాత బండి లాగడం మానేస్తుంది. వారానికి ఒకసారైనా హైవే ఎక్కించి అరగంట ఆపకుండా నడపాలి. కొన్ని మోడళ్లకు యూరియా ద్రావణం పోయాలి, ప్యాకింగ్‌లో అమ్మేదే పోయండి. పొలానికి చల్లే యూరియా నీళ్లలో కలిపి పోద్దామని అడిగినవాడు మా ఊళ్లోనే ఉన్నాడు, పేరు చెప్పను.

యానాం డీజిల్ సంగతి కూడా లెక్కే. అక్కడ పన్ను తక్కువ కాబట్టి లీటరుకు పది రూపాయలు అటూ ఇటూగా తేడా ఉంటుంది. యాభై లీటర్లు పట్టిస్తే 500 మిగులు. ముప్పై కిలోమీటర్ల నుంచి పనిగట్టుకుని వెళ్లొస్తే 60 కిలోమీటర్లకు డీజిలే 480. ఎదుర్లంక వంతెన మీదుగా లోడు పడినప్పుడు పట్టించుకోండి, అంతే.

కాగితాలు. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ సరిపోతుందని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచీ తేల్చింది, ఆ టెన్షన్ లేదు. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి, మోడల్ ఎంచుకునేటప్పుడే ఆ అంకె చూడండి. ఫిట్‌నెస్ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదు అనే మాట ఢిల్లీ చుట్టుపక్కల సంగతి, దాన్ని చూపించి మీ పాత బండి చవగ్గా కొట్టేయాలని చూసే బ్రోకర్లున్నారు. కొత్తది కొనేవాళ్లకు ఒక మంచి సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకుముందు రాసుకున్న కొటేషన్ పట్టుకుని బేరాలాడకండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. తొట్టిలో మనుషుల్ని ఎక్కించకండి, నాట్ల కూలీలైనా, తీర్థానికి వెళ్లే చుట్టాలైనా. సరుకు బండిలో ఉత్తినే ఎక్కినవాళ్లకు ఇన్సూరెన్స్ వర్తించదు, ఏదైనా జరిగితే పరిహారం మీ పొలం అమ్మి కట్టాలి. "ఏం బాబాయ్, ఇంత దూరానికేనా" అంటారు. అననివ్వండి.

సెకండ్ హ్యాండ్ అయితే లెక్క మారిపోతుంది, అయిదు లక్షల బండికి విలువ కరగడం సగానికి సగం తగ్గుతుంది, ఎనిమిదితొమ్మిది ట్రిప్పులకే గిట్టుబాటు కావచ్చు. కానీ మన దగ్గర పాత పికప్ అంటే మొదటి అనుమానం ఉప్పు. రొయ్యలు, చేపలు తోలిన బండి తొట్టిలోంచి ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు రోజూ కిందికి కారుతూనే ఉంటాయి. పైన పెయింటు వేస్తారు, కింద ఎవరూ చూడరు.

మొన్న ఒకరికి తోడుగా ఆరేళ్ల బండి చూడటానికి వెళ్లాను. పైకి పెళ్లికొడుకులా ఉంది. ఉదయాన్నే వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాం, అయినా బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది, అంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ కష్టమని వాళ్లకు తెలుసు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుస్సుమని కొట్టింది, పిస్టన్ రింగులు అయిపోయాయన్నమాట. గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను. వెనక కమాన్లు బిగించే చోట, తొట్టి చాసిస్ మీద కూర్చునే చోట, చిన్న స్క్రూడ్రైవర్‌తో గుచ్చుకుంటూ వచ్చాను. కుడివైపు వెనక చక్రం పైన నల్ల పెయింటు కింద స్క్రూడ్రైవర్ మెత్తగా, పండు పనసతొనలోకి దిగినట్టు దిగింది. బయటికి లాగితే ఎర్రటి పొరలు నా మొహం మీద రాలాయి. అమ్మే ఆయన పైనుంచి "తుప్పు అన్ని బండ్లకీ ఉంటదండీ, వెల్డింగ్ పెట్టించేద్దాం" అన్నాడు. చాసిస్‌కి వెల్డింగ్ పెట్టిన బండిలో ఎవరి కొడుకును కూర్చోబెడతారు? బట్టలు దులుపుకుని వచ్చేశాం. వారం తర్వాత అదే బండి సంతలో కనబడింది, ఈసారి నీలం పెయింటు.