లోయ్ క్రథోంగ్ దొప్పకి అరటాకు చిరక్కుండా మడవాలంటే

థాయ్‌లాండ్‌లో లోయ్ క్రథోంగ్ పండగ మన కార్తీక పౌర్ణమి రోజుల్లోనే వస్తుంది. ఆ రాత్రి నదిలో దీపం వదలడానికి క్రథోంగ్, అంటే అరటాకు దొప్ప, చేద్దామని కూర్చుంటే, పచ్చి అరటాకు మడత పెట్టగానే ఈనెల వెంట చర్రున చీలిపోతుంది. సగం ఆకు చెత్తలోకే.

దీనికి ఆకుని కాస్త వాడ్చుకుంటే చాలు. నడిమి ఈనె తీసేసి, సన్నటి మంటకి జానెడు ఎత్తున ఆకుని మెల్లగా జరుపుతూ పోండి. ఒక్కోచోట మూడు నాలుగు సెకన్లే. రంగు ముదిరి నిగనిగలాడగానే తీసేసి తడిగుడ్డతో తుడవండి. తర్వాత రెండంగుళాల వెడల్పు, అయిదారంగుళాల పొడవు ముక్కలు కోసి, రెండు చివర్లూ మధ్యకి మడిస్తే రేక తయారు. రెండంగుళాల మందం అరటిబోదె ముక్క చుట్టూ వీటిని గుచ్చుకుంటూ రావడమే. గుండుసూదులు వద్దు, నదిలో ఉండిపోతాయి. విస్తరి కుట్టే పుల్లలు విరిచి వాడండి, బాగా పట్టుకుంటాయి. మధ్యలో కొవ్వొత్తి, మూడు అగరువత్తులు, చుట్టూ బంతిపూలు.

పాత సుఖోథాయ్ రాజ్యం కాలంలో నాంగ్ నొప్పమాస్ అనే రాణివాసపు స్త్రీ మొదటి క్రథోంగ్‌ని తామర ఆకారంలో చేసిందని అక్కడ కథ చెప్పుకుంటారు. అందుకే రేకల కొసలు పైకి తేలి ఉంటేనే అందం, పైగా కొవ్వొత్తికి గాలి అడ్డు కూడా.

అంచులు పసుపెక్కిన ముదురాకు మాత్రం ఎంత వాడ్చినా చీలుతుంది. లేతాకుపచ్చ ఆకే తెచ్చుకోండి.