ఓఎల్‌టీలో కంట్రోల్ కార్డ్ బిగించడం: ఎర్త్ పిట్ నుంచి చివరి రీబూట్ దాకా

అమలాపురం దగ్గర ఒక ఊళ్లో, కేబుల్ ఆపరేటర్ దగ్గర పదహారేళ్లుగా పని చేస్తున్నాను. కొబ్బరి చెట్ల మధ్య నల్ల కోయాక్స్ వైరు లాగి, టీవీ బొమ్మలో చుక్కలు పోగొట్టడంతో మొదలైంది నా పని. ఇప్పుడు మా హెడ్‌ఎండ్ గదిలో, అంటే లైన్లన్నీ బయల్దేరే గదిలో, ఛాసిస్ ఓఎల్‌టీ ఉంది. ఓఎల్‌టీ అంటే ఇళ్లకి వెళ్లే ఫైబర్ లైన్లన్నిటినీ నడిపే యంత్రం, ఛాసిస్ అంటే దాని కార్డులు గుచ్చే పెట్టె. దాని మీద 611 ఇళ్ల ఇంటర్నెట్ నడుస్తోంది. ఈమధ్య పక్క మండలంలో కొత్తగా ఫైబర్ లైన్ మొదలుపెట్టిన తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, కంట్రోల్ కార్డ్ వచ్చింది, ఎలా బిగించాలో చెప్పు" అన్నాడు. అరగంట చెప్పినా ఇంకా చాలా మిగిలిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఛాసిస్‌లో పాన్ (పీఓఎన్, ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) కార్డులు వేరు, కంట్రోల్ కార్డ్ వేరు. పాన్ కార్డు ఫైబర్‌లోకి వెలుతురు పంపుతుంది. ఏ ఇంటి బాక్స్‌ని (ఇంట్లో ఫైబర్ చివర పెట్టే పెట్టె) లోపలికి రానివ్వాలి, ఎంత స్పీడ్ ఇవ్వాలి, ఏ వీల్యాన్‌లో (ఒకే లైన్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్ భాగం) పెట్టాలి అన్నది కంట్రోల్ కార్డ్ చూసుకుంటుంది. మనం నెలల తరబడి కొట్టిన కాన్ఫిగరేషన్ అంతా ఆ కార్డ్ మీదున్న ఫ్లాష్ మెమరీలోనే ఉంటుంది. కార్డ్ పోతే అదీ పోతుంది. ఈ మాట నేను ఒక మే నెలలో నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం ఈదురుగాలి, పిడుగు. కరెంటు లైన్ మీదుగా వచ్చిన దెబ్బకి కంట్రోల్ కార్డ్ చచ్చిపోయింది. తర్వాత చూస్తే ఎర్త్ పిట్ దగ్గర క్లాంప్ తుప్పు పట్టి వదులై ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో అది మామూలే, నేనే చూసుకోలేదు. తెలిసినవాళ్ల దగ్గర స్పేర్ కార్డ్ తెచ్చి పెట్టడం పావుగంట పని. కానీ బ్యాకప్ లేదు. కొత్త కార్డ్‌కి మా ఊరు తెలియదు. ఆరువందల బాక్సుల సీరియల్ నంబర్లు స్క్రీన్ మీదికి వరసగా వచ్చాయి, ఏది ఎవరి ఇంటిదో తెలియదు. కలెక్షన్ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో ఇంటికి ఫోన్ చేసి, బాక్స్ కింద స్టిక్కర్ మీద నంబర్ చదవమన్నాను. ఒక ముసలావిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. కూతురు కువైట్‌లో ఉంటుంది, రోజూ రాత్రి వీడియో కాల్. "బాబూ, ఈవాళ కూడా రాదా?" అని ఆవిడ అడిగిన గొంతు నాకింకా గుర్తుంది. చివరికి ఏడో తరగతి చదివే మనవడు చదివాడు. అందరివీ పూర్తయ్యేసరికి రెండు రాత్రులు, ఒక పగలు పట్టింది.

కాబట్టి పాత కార్డ్ ఇంకా బతికి ఉంటే, స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు కాన్ఫిగరేషన్ బయటికి తీయండి. ల్యాప్‌టాప్‌లో చిన్న టీఎఫ్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు అందుకునే ప్రోగ్రామ్) నడిపి, ఓఎల్‌టీ నుంచి బ్యాకప్ ఫైల్ దానిలోకి పంపాలి. ఆ ఫైల్‌ని తెరిచి చూడండి, ఖాళీ ఫైల్ వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఓనర్‌గారి ఫోన్‌లో పెట్టండి. దాంతోపాటు ఇంటి పేరు, సీరియల్ నంబర్, పాన్ పోర్ట్, ప్లాన్ రాసిన పట్టిక ఒకటి ప్రింట్ తీసి పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ కూడా రాసుకోవాలి. కొన్ని ఓఎల్‌టీల్లో లైసెన్స్ ఫైల్ విడిగా ఉంటుంది, అది కూడా అడిగి తెచ్చుకోండి.

తర్వాత కరెంటు, ఎర్త్. ఓఎల్‌టీకి వచ్చేది మైనస్ 48 వోల్టుల డీసీ అయితే, ఇక్కడ ప్లస్ తీగ ఎర్త్‌కి కలిసి ఉంటుంది, లైవ్ అయ్యేది మైనస్. కార్లు, ఇన్వర్టర్లు చేసే ఎలక్ట్రీషియన్‌కి ఇది తలకిందులుగా కనిపించి తిప్పి కలిపేస్తాడు. అందుకని ఎవరు కలిపినా మీటర్ పెట్టి మీరే చూడండి. నాలుగు 12 వోల్టుల బ్యాటరీల బ్యాంక్ ఛార్జింగ్‌లో ఉంటే మీటర్ దాదాపు 54 చూపిస్తుంది. 48 కన్నా ఎక్కువ చూపించిందని కంగారు పడక్కర్లేదు. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 1 ఓమ్ లోపు రావాలి, అప్పుడే నాకు నిద్ర పడుతుంది. మా డెల్టా నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఒక పిట్‌తోనే వస్తుంది. రాతినేల ఉన్న చోట రెండు మూడు పిట్‌లు తీసి కలపాలి, ఎండాకాలం నీళ్లు పోయాలి. ఛాసిస్ మీద ఎర్త్ స్క్రూకి విడి తీగ ఉండాలి, రాక్ ఇనుముకి తగులుతోంది కదా అని వదలొద్దు.

కార్డ్ డబ్బా రాగానే తెరవొద్దు. బయట ఉక్కపోత, లోపల ఏసీ. అటూ ఇటూ మారిన వస్తువు మీద చెమ్మ పడుతుంది. కవర్ విప్పకుండా ఆ గదిలోనే రెండు గంటలు ఉంచండి. మణికట్టుకి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టి, దాని కొసను ఛాసిస్ ఎర్త్‌కి తగిలించాకే కార్డ్ బయటికి తీయాలి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి.

స్లాట్ కవర్ తీశాక టార్చ్ వేసి లోపలికి చూడండి. వెనక బ్యాక్‌ప్లేన్ (కార్డులన్నిటినీ కలిపే పలక) మీద సూదుల్లాంటి పిన్నులుంటాయి. ఒక్కటి వంగి ఉన్నా కార్డ్ పెట్టొద్దు. కార్డ్‌ని పైన కింద గాడుల్లో సరిగా కూర్చోబెట్టి, నెమ్మదిగా జరపాలి. ఆఖరి వేలెడు దూరంలో కాస్త బిగువు తగులుతుంది. అప్పుడు చేత్తో తొయ్యకుండా రెండు లీవర్లనీ ఒకేసారి లోపలికి మడవండి, కార్డ్ తనంతట తనే లోపలికి కూర్చుంటుంది. మధ్యలో ఎక్కడైనా ఆగితే బలం పెట్టకుండా వెనక్కి లాగి మళ్లీ చూసుకోండి. స్క్రూలు చేత్తో తిప్పి, చివర్లో కొంచెం బిగిస్తే చాలు. ఖాళీ స్లాట్లకి మూత రేకులు పెట్టాలి, లేకపోతే ఫ్యాన్ గాలి కార్డుల మీదుగా పోకుండా ఆ కన్నంలోంచి పోతుంది.

రెండు కంట్రోల్ కార్డులు పట్టే ఛాసిస్ అయితే పని ఇంకా సులువు. నడుస్తున్న దాన్ని ముట్టుకోకుండా కొత్తది స్టాండ్‌బై స్లాట్‌లో పెట్టండి. రెండింటి సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒకటే కావాలి. డేటా సింక్ పూర్తయిందని స్క్రీన్ మీద చూశాకే స్విచ్‌ఓవర్ (పనిని కొత్త కార్డ్‌కి మార్చే) కమాండ్ ఇవ్వాలి. లైట్ పచ్చగా వెలిగిందని సింక్ అయిపోయిందనుకోకండి.

ఒకటే కార్డ్ అయితే కన్సోల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి, పుట్టీ (కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) తెరవండి. చాలావాటికి స్పీడ్ 9600, కొన్నిటికి 115200. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే కార్డ్ చెడిపోయిందని టెన్షన్ పడొద్దు, స్పీడ్ తప్పు పెట్టారన్నమాట. పుట్టీలో ఫ్లో కంట్రోల్ సెట్టింగ్ తీసేయాలి. కొన్నిసార్లు అక్షరాలు కనిపిస్తాయి కానీ మనం కొట్టింది వెళ్లదు, దానికి కారణం ఇదే. లోపలికి వెళ్లగానే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. పాస్‌వర్డ్‌ని దాచకుండా పంపే టెల్‌నెట్ ఆపి, దాచి పంపే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టండి. మేనేజ్‌మెంట్ ఐపీకి (ఓఎల్‌టీలోకి మనం వెళ్లే చిరునామా) వేరే వీల్యాన్ ఇచ్చి, ఆఫీసు కంప్యూటర్ నుంచి తప్ప రాకుండా కట్టేయండి. పబ్లిక్ ఐపీ మాత్రం దానికి ఎప్పుడూ ఇవ్వొద్దు.

తర్వాత గడియారం. టైమ్‌జోన్ 5 గంటల 30 నిమిషాలు పెట్టి, ఎన్‌టీపీ (నెట్ మీదుగా సరైన టైమ్ తెచ్చుకునే పద్ధతి) కలపండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సర్వీస్ ప్రొవైడర్లు తమ సిస్టమ్‌ల గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ అనే ప్రభుత్వ సంస్థల ఎన్‌టీపీ సర్వర్లతో సరిపెట్టుకోవాలనీ, లాగ్‌లు (సిస్టమ్‌లో ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచాలనీ ఉంది. మనది చిన్న ఊరే, అయినా ఎవరి లైన్ మీదైనా పోలీసు విచారణ వస్తే తప్పు టైమ్ ఉన్న లాగ్ వల్ల ఇంకొకరి ఇంటి మీదికి వెళ్తుంది.

అప్‌లింక్‌కి, అంటే మనకి ఇంటర్నెట్ వచ్చే లైన్‌కి, ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ తగిలించే చిన్న మాడ్యూల్) పెట్టేటప్పుడు అవతలి వైపు ఏ రకం ఉందో కనుక్కోండి. పది కిలోమీటర్ల ఎల్‌ఆర్ మాడ్యూల్ సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1310 నానోమీటర్ల మీద నడుస్తుంది, రెండువైపులా అదే ఉండాలి. లింక్ రాకపోతే ముందు ఫైబర్ రెండు కొసలు (పంపేది, అందుకునేది) ఇటూ అటూ మార్చి చూడండి.

ఇక అసలు పని, ఇళ్లను లోపలికి తెచ్చుకోవడం. జీపాన్ అనే పాన్ రకంలో ఒక పోర్ట్ మీదున్న ఇళ్లన్నీ ఒకే ఫైబర్ పంచుకుంటాయి. కిందికి సెకనుకి 2.5 గిగాబిట్‌లు 1490 నానోమీటర్లలో, పైకి 1.25 గిగాబిట్‌లు 1310లో. కిందికి వెళ్లే డేటా అన్ని ఇళ్లకీ చేరుతుంది, ఎవరిది వాళ్ల బాక్సే విప్పుకుంటుంది. పైకి మాత్రం రేషన్ షాపులో టోకెన్ పిలిచినట్టు ఓఎల్‌టీ ఒక్కో బాక్స్‌కి వంతు ఇస్తుంది. దగ్గరిల్లు, దూరపు ఇల్లు వెలుతురు ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా ముందే దూరం కొలుచుకుంటుంది. ఒక్క బాక్స్ చెడి వంతు లేకుండా వెలుతురు వదులుతూ ఉంటే ఆ పోర్ట్ మీదున్న అందరికీ నెట్ పోతుంది. అలా జరిగితే స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ని చాలా లైన్లుగా చీల్చేది) దగ్గర ఒక్కో లైన్ తీస్తూ దొంగని పట్టుకోవాలి.

ఎంత స్పీడ్ అన్నది డీబీఏ ప్రొఫైల్‌లో (పైకి పంపే వంతులు పంచే సెట్టింగ్) రాస్తాం. ఇళ్లకి గ్యారంటీ లేని టైప్ 4 సరిపోతుంది. బడికీ, ఆసుపత్రికీ నేను టైప్ 3 పెడతాను, వాళ్లకి కొంత స్పీడ్ గ్యారంటీగా దొరుకుతుంది. బాక్స్ కలిపేటప్పుడు ఆటోమేటిక్‌గా అందరినీ చేర్చుకునే సౌకర్యం ఆపేసి, సీరియల్ నంబర్ చూసి చేర్చండి. సీరియల్‌లో మొదటి నాలుగు అక్షరాలు కంపెనీవి, తర్వాతి ఎనిమిదిలో 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ మాత్రమే వస్తాయి. కాబట్టి ఆ ఎనిమిదిలో ఎవరైనా 'ఓ' అని చదివితే అది సున్నాయే. 8నీ 'బీ'నీ మాత్రం ఫోన్లో రెండుసార్లు అడగండి. ఆ రెండు రాత్రుల్లో నేను ఎక్కువసార్లు తప్పు కొట్టింది అక్కడే.

ఇళ్లు ఒకదానికొకటి కనబడకుండా పోర్ట్ ఐసోలేషన్ పెట్టండి, డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ఇళ్ల వైపు నుంచి ఎవరూ ఐపీలు పంచకుండా ఆపేది) కూడా. కొత్త రౌటర్ కొన్నవాళ్లు వైరు వాన్ పోర్ట్‌లో (బయటి లైన్‌ది) కాకుండా లాన్ పోర్ట్‌లో (ఇంట్లో పరికరాలది) గుచ్చుతారు. అప్పుడు వాళ్ల రౌటర్ వీధి వీధికీ ఐపీలు పంచడం మొదలుపెడుతుంది, పక్కింటివాళ్లకి నెట్ ఆగిపోతుంది. కంప్లైంట్ వచ్చిన ఇంట్లో ఎంత వెతికినా తప్పు దొరకదు.

మొదట ఒకే బాక్స్ కలిపి, పూర్తిగా నడిచాకే మిగతావి. వెలుతురు లెక్క కూడా అప్పుడే చూసుకోవాలి. ఓఎల్‌టీ నుంచి ప్లస్ 4 డీబీఎం (వెలుతురు బలం కొలత) బయల్దేరిందనుకోండి. ఆరు కిలోమీటర్ల ఫైబర్‌కి కిలోమీటర్‌కి 0.35 డీబీ చొప్పున 2.1 పోతుంది. వన్ ఈజ్ టు ఎయిట్ స్ప్లిటర్లు రెండైతే ఒక్కోటి 10.5 చొప్పున 21. ఆరు జాయింట్లకి 0.6, నాలుగు కనెక్టర్లకి 1.2. మొత్తం 24.9. ఇంటి దగ్గర పవర్ మీటర్ మైనస్ 20.9 చుట్టుపక్కల చూపించాలి. మైనస్ 24 వచ్చిందంటే ఎక్కడో మూడు డీబీ తినేస్తున్నట్టు, చాలాసార్లు అది మురికి కనెక్టరో, కొబ్బరి మట్ట పడి మడత పడిన ఫైబరో అవుతుంది. బాక్స్ మైనస్ 27 దాకా ఓర్చుకుంటుంది కదా అని మైనస్ 26.5 దగ్గర వదిలేయకండి, వానాకాలంలో అదే ఇంటికి మళ్లీ వెళ్లాలి. నీలం కనెక్టర్‌ని పచ్చదానితో కలపొద్దు, కొస కోత వేరు. ఫైబర్ కొసలోకి కంటితో ఎప్పుడూ చూడొద్దు, ఆ వెలుతురు కనబడదు, కానీ కంటికి హాని చేస్తుంది.

అన్నీ నడుస్తున్నాక సేవ్ కమాండ్ ఇవ్వండి. నడుస్తున్న కాన్ఫిగరేషన్ వేరు, సేవ్ అయినది వేరు. మళ్లీ బ్యాకప్ తీసి, ఫైల్ పేరులో తేదీ రాయండి. తర్వాత రాత్రి రెండు దాటాక, ఓనర్‌గారికి చెప్పి, ఓఎల్‌టీని ఒకసారి పూర్తిగా రీబూట్ చేయండి. చాలామంది ఇది చేయడానికి భయపడతారు. కానీ తప్పేదైనా ఉంటే మీరు ఎదురుగా ఉన్నప్పుడే బయటపడాలి.

నేను రీబూట్ ఇచ్చి, స్టూల్ లాక్కుని స్క్రీన్ ముందు కూర్చుంటాను. కాసేపు ఏమీ ఉండదు, ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి. తర్వాత పాన్ పోర్టులు లేస్తాయి. బాక్సులు పది, నలభై, రెండువందలు అలా ఎక్కుతుంటాయి. పోయినసారి 608 దగ్గర ఆగింది. పట్టిక తీసి చూస్తే ఆ మూడూ రాత్రి స్విచ్ ఆపుకుని పడుకునే ఇళ్లు. పొద్దున్న ఏడింటికి మూడూ ఎక్కాక రాక్ తలుపుకి తాళం వేశాను.