ఎండలు ముదరకముందే కూల్‌డ్రింకు లెక్క చూసుకోండి

శివరాత్రి వెళ్లిందో లేదో, మా వీధి కిరాణా కొట్టులో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ గుమ్మం దగ్గరికి జరిగింది. రోహిణి కార్తె దాటేదాకా ఇక దానిదే రాజ్యం. రెండు లీటర్ల సీసాలు ఇంటికి మోసుకొచ్చే ముందే కొన్ని సంగతులు చూసుకోవాలి.

ముందు సీసా తిప్పి వెనక చిన్నక్షరాలు చదవండి. మామూలు కోలాలో 100 మి.లీ.కి 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ అంకె చూసి ఇంతేనా అనుకుంటాం. కానీ తాగేది వందతో ఆగదుగా! 600 మి.లీ. సీసాలో 60 గ్రాములు దాటుతుంది. ఓసారి మావాడి ముందు ఖాళీ గ్లాసు పెట్టి చెంచాతో చక్కెర పోస్తూ లెక్కపెట్టాను. పన్నెండో చెంచాకి వాడే "అమ్మా, చాలు" అన్నాడు. పైన కలిపే చక్కెర పెద్దవాళ్లకైనా రోజు మొత్తానికి 50 గ్రాములు మించొద్దనీ, 25 లోపుంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చల్లగా, గ్యాస్‌తో ఉన్నప్పుడు ఆ తీపి నాలుకకి అందదు. మూత తీసి రాత్రంతా బయట వదిలేసి పొద్దున తాగి చూడండి, పాకమే. రోజూ తాగే అలవాటైతే బరువు, షుగరు, లివర్‌లో కొవ్వు వరసకట్టి వస్తాయి.

ఎండన పడి వచ్చినవాళ్లకి ముందు మంచినీళ్లు, ఆ తర్వాత ఉప్పేసిన పలచని మజ్జిగ ఇవ్వండి. విరేచనాలవుతున్న పిల్లలకి కూల్‌డ్రింకు అస్సలొద్దు. అంత చక్కెర పేగుల్లోకి నీళ్లు లాగి విరేచనాల్ని ఇంకా పెంచుతుంది. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలు వేరు. ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థే ఆదేశించింది.

బిర్యానీ తిన్నాక కోలా తాగితే అరుగుతుందంటారు. వచ్చే త్రేన్పు తాగిన గ్యాసుదే, అరుగుదలకి సంబంధం లేదు. ఎసిడిటీ ఉన్నవాళ్లకి పైగా గుండెలో మంట. తీపి కలపని ఉత్త గోలీసోడాలో చక్కెర బెడద లేదు గానీ, నిమ్మసోడా బండి దగ్గర బీపీవాళ్లు ఉప్పు తగ్గించమని ముందే చెప్పాలి. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియకపోతే వేయించుకోకండి.

కోలాలోని ఆమ్లం పంటి పైపూతని మెత్తబరుస్తుంది. గంటసేపు చప్పరిస్తూ కూర్చోవడం కంటే భోజనంతో తాగేయడం నయం. వెంటనే బ్రష్ చేయకుండా నీళ్లు పుక్కిలించి అరగంట ఆగండి. పరీక్షలకి రాత్రుళ్లు మేలుకునే పిల్లలు ఎనర్జీ డ్రింకుల జోలికి పోకూడదు. పిల్లలకీ గర్భిణులకీ వద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది.

ఇన్ని చెప్పి మా ఫ్రిజ్ తలుపులో మాత్రం ఓ చిన్న కోలా సీసా ఉంచుతాను. మా మామగారు ఇన్సులిన్ తీసుకుంటారు. షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తే, స్పృహలో ఉన్నంతవరకు అర గ్లాసు మామూలు కోలా పనికొస్తుంది. డైట్‌ది పనికిరాదు, అందులో చక్కెర ఉండదు. పిల్లలు ముట్టుకోకుండా మూత మీద మార్కర్‌తో "తాతయ్యది" అని రాసిపెట్టాను.