పేరు మార్చుకోవాలంటే: అఫిడవిట్ నుంచి పాస్‌పోర్టు దాకా

నోటరీ దగ్గరికి వెళ్లకముందే కొత్త పేరును ఓ కాగితం మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసుకోండి. 'లక్ష్మి'లో కె, ఎస్, హెచ్ మూడూ కావాలా, ఒక్క ఎక్స్ చాలా? చివర ఐ వస్తుందా, వై వస్తుందా? ఇంటిపేరు ముందా, వెనకా? ఇవి తేలాకే డబ్బు ఖర్చు పెట్టండి. తరవాత అక్షరాల్లో తేడా వస్తే ఆధార్, పాన్ లింకు కాకపోవచ్చు, బ్యాంకు కేవైసీ ఆగిపోవచ్చు.

మనవాళ్లకు ఎక్కువ తలనొప్పి ఇంటిపేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఇంకో కార్డులో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, వేరేచోట అసలే ఉండదు. పాన్, పాస్‌పోర్టు దరఖాస్తుల్లో పొడి అక్షరాలు కుదరవు, విడదీసి పూర్తిగా రాయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, పేరు దగ్గర 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఒక్క పదమే పేరుగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. పేరు మార్పును గెజిట్‌లో, అంటే ప్రభుత్వ అధికారిక పత్రంలో, వేయించుకోవడానికి వెళ్తున్నప్పుడే ఇంటిపేరు సంగతీ తేల్చేసుకోవడం మంచిది.

ఇక అఫిడవిట్, అంటే నోటరీ ముందు సంతకం చేసే ప్రమాణపత్రం. నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద పాత పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా, కొత్త పేరు, మార్పుకు కారణం రాయించి, 'ఈ రెండు పేర్లూ నావే, ఇకపై కొత్త పేరుతోనే వ్యవహరిస్తాను' అన్న వాక్యం తప్పక పెట్టించండి. పాత పేరు కార్డుల్లో ఎలా ఉందో అచ్చంగా అలాగే ఉండాలి. రెండు మూడు రకాలుగా ఉంటే అన్నిటినీ 'అలియాస్'తో చేర్చండి. చాలామంది ఇది వదిలేసి, మెమోలో ఉన్న పేరు గెజిట్‌లో లేదని తర్వాత ఇబ్బంది పడతారు. మైనర్లకు తల్లిదండ్రులు అఫిడవిట్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు దీని బదులు డీడ్ (పేరు మార్పు దస్తావేజు) కావాలి.

తరవాత పేపర్లో ప్రకటన. ఒక తెలుగు దినపత్రిక, ఒక ఇంగ్లీషు దినపత్రిక ఎంచుకుంటే ఎక్కడా పేచీ రాదు. ప్రకటన ముక్క కత్తిరించకుండా, పత్రిక పేరూ తేదీ కనిపించేలా పేజీ మొత్తం దాచండి, రెండేసి కాపీలు కొనండి.

రాష్ట్ర గెజిట్‌కైతే రాష్ట్ర ప్రభుత్వ ముద్రణ శాఖకు, కేంద్ర గెజిట్‌కైతే ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల విభాగానికి దరఖాస్తు చేయాలి. కేంద్ర గెజిట్‌లో పేరు మార్పులు నాలుగో భాగంలో వస్తాయి, అది వారపత్రం. రుసుములు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు అధికారిక సైట్లో చూడండి. ప్రచురించాక పీడీఎఫ్ దించుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి.

గెజిట్ చేతికొచ్చాక మొదట ఆధార్. అందులో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి తొందరపడకండి. ఆ తరవాత పాన్ (నంబరు మారదు), బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టు. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకోవడానికి పాస్‌పోర్టుకు వివాహ ధ్రువపత్రం సరిపోతుంది, గెజిట్ అక్కర్లేదు. అసలు పెళ్లయితే ఇంటిపేరు మార్చి తీరాలన్న చట్టమే లేదు.

మెమోల సంగతి వేరు. బోర్డులు అచ్చుతప్పులు దిద్దుతాయి గానీ పూర్తి పేరు మార్చడానికి వెనకాడతాయి. సీబీఎస్‌ఈ కేసులో 2021 జూన్ 3న సుప్రీంకోర్టు, పేరు భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. బోర్డు కాదంటే ఆ తీర్పు జతచేసి రాతపూర్వకంగా అడగండి. పాత రిజిస్ట్రేషన్ దస్తావేజులను మాత్రం మార్చనక్కర్లేదు. అమ్మేటప్పుడు కొత్త దస్తావేజులో రెండు పేర్లూ రాయించి గెజిట్ కాపీ జతచేస్తే చాలు.