రాత్రి పడుకునే ముందు రాసే పద్దు: కిర్పాల్ సింగ్ డైరీ నింపడం ఎలా

ధ్యానం నేర్పిన ఆధ్యాత్మిక గురువు కిర్పాల్ సింగ్ ఉద్యోగం మాత్రం మిలిటరీ అకౌంట్స్‌లో, అంటే సైన్యం లెక్కల శాఖలో. 1894 ఫిబ్రవరి 6న రావల్పిండి జిల్లా సయ్యద్ కస్రాన్‌లో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. 1947లో రిటైరయ్యేదాకా లెక్కలతోనే బతికారు. 1924లో పంజాబ్‌లోని బియాస్‌లో తన గురువు బాబా సావన్ సింగ్‌ను కలిశారు. 1948 ఏప్రిల్ 2న ఆ గురువు పోయాక ఢిల్లీ చేరి, 1951లో సావన్ ఆశ్రమం నెలకొల్పారు. తన శిష్యులతో ఆయన పట్టుబట్టి రాయించింది ఈ ఆత్మపరిశీలన డైరీ. దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది, లెక్కల మనిషి గీసిన కాగితమని. మనసులో మాట రాసుకునే చోటే ఉండదు. తేదీలు, గడులు, అంకెలు, అంతే. మన పాత షావుకార్ల చిట్టా లాంటిది.

ముందు పట్టిక. లాంగ్ నోట్‌బుక్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు ఒక నెలకి సరిపోతాయి. నిలువుగా 31 తేదీలు, అడుగున మొత్తం కోసం ఒక వరుస. ఎడమ పేజీలో నడవడి గడులు, కుడి పేజీలో సేవ, ధ్యానం. ఆయన పరంపరలో అచ్చువేసిన పట్టికల్లో గడుల పేర్లు కొద్దిగా మారుతుంటాయి కానీ అసలు తలకట్లు ఇవి: అహింస, సత్యం, బ్రహ్మచర్యం, అందరిపట్లా ప్రేమ, వినయం, ఆహారం, నిస్వార్థ సేవ, సాధన. మొదటి గడిని మళ్ళీ మూడుగా చీల్చాలి: ఆలోచనలో, మాటలో, చేతలో. సత్యంలో అబద్ధం, మోసం, అక్రమ సంపాదన వేర్వేరు. వినయం కింద చదువు గర్వం, డబ్బు గర్వం, అధికార గర్వం. బ్రహ్మచర్యం అనగానే సంసారులు కంగారుపడక్కర్లేదు. ఆయన కూడా పెళ్ళయి పిల్లలున్నవారే. ఇక్కడ ఆ మాటకి అర్థం చూపులో, మాటలో, తలపులో అదుపు.

ఎడమ పేజీలో రాసేది తప్పులే. ఈ రోజు ఎంత బాగా ఉన్నానో రాయడానికి చోటు లేదు. ఎన్నిసార్లు జారానో, ఆ అంకె ఒక్కటే. చాలామంది ఇక్కడే పక్కదారి పడతారు. ‘ఆఫీసులో ఫలానా ఆయన రెచ్చగొట్టాడు, అందుకని...’ అని మొదలుపెడితే అది పద్దు కాదు, వకాల్తా. అపార్ట్‌మెంట్‌లో మీ బండి చోట ఎవరో బండి పెట్టారనుకోండి. వాచ్‌మన్ మీద అరిచారు: అహింస కింద మాట 1. లిఫ్ట్‌లో పైకి వెళ్తూ ఆ బండివాణ్ణి మనసులో తిట్టుకున్నారు: ఆలోచన 1. భోజనాల దగ్గర మళ్ళీ గుర్తొచ్చి రగిలారు: ఆలోచన 2. ఇంట్లోవాళ్ళకి చెప్పేటప్పుడు ‘నేనేమీ అనలేదు’ అన్నారు: సత్యం కింద అబద్ధం 1. ఆ తేదీ వరుసలో పడేవి ఈ అంకెలే. బండి కథ పడదు.

ఆలోచనల్ని లెక్కపెట్టడం కష్టం, నిజమే. రాత్రికి గుర్తుండవు. ఒక తేలిక ఉపాయం ఉంది. పొద్దున కుడి జేబులో పది చింతగింజలు వేసుకోండి. మనసు రగిలిన ప్రతిసారీ ఒకటి ఎడమ జేబులోకి. పదీ అయిపోతే ‘10+’ అని రాసి ఊరుకోండి. అన్ని గడులకీ గింజలు పెట్టుకోకండి, పిచ్చెక్కుతుంది. ఒక నెల ఒక్క గడికే. మిగతావి రాత్రి గుర్తున్నంతవరకే రాయండి.

ఆహారం గడిలో వాదనలు ఎక్కువ. మాంసం, చేప, గుడ్డు, మద్యం, మత్తు పదార్థాలు ఏవి పుచ్చుకున్నా తప్పు కిందే వస్తాయి. ‘ఫారం గుడ్డులో పిల్ల ఉండదుగా’ అన్న మినహాయింపు ఇక్కడ చెల్లదు, ఏ గుడ్డయినా గుడ్డే. పుట్టినరోజు కేకులో గుడ్డుందని తిన్నాక తెలిస్తే అంకె వేసి, పక్కన చిన్న చుక్క పెట్టండి, తెలియక జరిగిందని గుర్తుకి.

జమ వైపు ఉండేవి సేవ, సాధన గడులు. ముందు సేవ. శరీరంతో చేసింది నిమిషాల్లో, డబ్బుతో చేసింది రూపాయల్లో. ఎవరికి చేశారో పేరు రాయకండి. పేరు రాస్తే ఆ పక్కనే వినయం గడిలో ఒక అంకె పెరుగుతుంది.

ఇక సాధన. రోజులో పదోవంతు, అంటే 24 గంటలకి 2 గంటల 24 నిమిషాలు. దాన్నే గుండుగుత్తగా రెండున్నర గంటలంటారు. కొత్తవాళ్ళు మొదటి రోజునుంచే అంతసేపు కూర్చుంటే పది రోజుల్లో పుస్తకం అటకెక్కుతుంది. తెల్లవారుజామున అరగంటతో మొదలుపెట్టి, నెలకి పావుగంట చొప్పున పెంచండి. ఆయన దగ్గర దీక్ష తీసుకున్నవారికి మనసులో జపించడానికి అయిదు నామాలు ఇచ్చేవారు. దీక్ష లేనివారు తమకి ఇష్టమైన ఏ దైవనామమైనా మనసులోనే, నిదానంగా, మధ్యలో కాస్త ఎడం ఇస్తూ అనుకోవచ్చు. నడుము నిటారుగా, కళ్ళు మూసి, ఎదురుగా ఉన్న చీకటిలోకి మెల్లగా చూడటమే. కనుగుడ్లు పైకి తిప్పకూడదు. తిప్పితే పావుగంటలో నుదురు నొప్పి పుడుతుంది, అది సాధనలో ‘అనుభవం’ అని పొరబడేవాళ్ళూ ఉన్నారు. ఊపిరిని పట్టించుకోనక్కర్లేదు. శబ్దసాధన, అంటే లోపలి నాదాన్ని వినే సాధన, దీక్షతో పాటు నేర్పేది, పుస్తకం చూసి ప్రయత్నించకండి.

ఈ గడిని రెండుగా చీల్చడం మంచిది: కూర్చున్న సమయం, మెలకువగా ఉన్న సమయం. కూర్చున్నది 40, మెలకువ 15 అని రాయడానికి సిగ్గేస్తుంది. మొదటి అంకె ఒక్కటే రాస్తే మాత్రం కునికిపాట్లన్నీ ధ్యానం ఖాతాలో జమవుతాయి.

మొదటి నెల తప్పులు పెరుగుతాయి. నడవడి చెడిపోయి కాదు, కనిపించడం మొదలై. రెండో నెల ఇంకా పెరిగినా భయపడకండి. అనుమానించాల్సింది మొదటి వారంలోనే వరసగా సున్నాలు పడ్డ గడిని. అది ఎక్కువగా వినయం గడే అవుతుంది. ఇంకో తప్పు, ఆదివారం కూర్చుని వారం మొత్తం నింపడం. బుధవారం ఎన్నిసార్లు విసుక్కున్నారో ఆదివారానికి గుర్తుండదు, చేతికొచ్చిన అంకె పడుతుంది. రాయని రోజు గడి ఖాళీగానే వదిలేయండి. ఖాళీ గడి నిజం చెబుతుంది, తర్వాత పూరించింది చెప్పదు. రాయడానికి అయిదు నిమిషాలు మించితే మీరు మళ్ళీ కథలోకి వెళ్ళారన్నమాట.

నెలాఖరున మొత్తాలు వేసి, అన్నిటికన్నా పెద్ద అంకె ఏ గడిలో ఉందో చూడండి. వచ్చే నెల గింజలు దానికే. అన్నిటితో ఒకేసారి కుస్తీ వద్దు.

కిర్పాల్ సింగ్ ఉన్నంతకాలం శిష్యులు నిండిన పట్టికల్ని ఆయనకి పంపేవారు. 1974 ఆగస్టు 21న ఆయన పోయాక పరంపర పలు శాఖలైంది, దీక్ష ఉన్నవాళ్ళు తమ తమ శాఖల్లో చూపించుకుంటారు. ఎవరికీ చూపించని వాళ్ళు నిండిన పుస్తకాన్ని ఇంట్లో ఎవరి చేతికీ అందని చోట పెట్టుకోండి. ఎవరో చదువుతారన్న భయం ఉంటే అంకెలు వాటంతటవే తగ్గుతాయి. ఏడాది తిరిగాక పాత పుస్తకం తీసి, అదే నెలని కొత్తదాని పక్కన పెట్టి, ఆలోచన గడినీ మాట గడినీ పోల్చండి. మామూలుగా ముందు తగ్గేది మాటే. ఆలోచన గడికి ఇంకో పుస్తకం పడుతుంది.