ప్లాస్మాలో ఎక్స్11 పోకముందే వేలాండ్‌కి మారిపోండిలా

లైనక్స్‌లో వాడే డెస్క్‌టాప్ ప్లాస్మా. దాని 6.8 వెర్షన్ నుంచి ఎక్స్11 సెషన్ ఉండదని దాన్ని తయారుచేసే కేడీఈ వాళ్లు 2025 నవంబర్‌లోనే చెప్పేశారు. తెరమీద విండోలు చూపించే పాత పద్ధతి ఎక్స్11, దాని స్థానంలో వచ్చిన కొత్తది వేలాండ్. టెన్షన్ ఏమీ వద్దు, పాత యాప్‌లు ఎక్స్‌వేలాండ్ (ఎక్స్11 యాప్‌లను వేలాండ్‌లో నడిపే వారధి) మీద నడుస్తూనే ఉంటాయి, పోయేది లాగిన్ దగ్గర కనిపించే ఎక్స్11 ఆప్షన్ మాత్రమే.

ముందు ప్లాస్మాలోని ఇన్ఫో సెంటర్ యాప్ తెరిచి గ్రాఫిక్స్ ప్లాట్‌ఫామ్ అన్న వరస చూడండి. అక్కడ వేలాండ్ అని ఉంటే మీరు ఎప్పుడో మారిపోయినట్టే, ఎందుకంటే 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6 నుంచి డిఫాల్ట్ అదే. ఎక్స్11 అని ఉంటే లాగౌట్ అయి, పాస్‌వర్డ్ కొట్టే ముందు సెషన్ మెనూలో ప్లాస్మా వేలాండ్ ఎంచుకోండి.

ఇక ఒక వారం రోజూ చేసే పనులన్నీ అందులోనే చేయండి, ముఖ్యంగా స్క్రీన్ షేరింగ్. షేర్ నొక్కగానే ఏ విండో చూపించాలో అడుగుతూ ఓ చిన్న పెట్టె వస్తుంది, అది లోపం కాదు, మీ అనుమతి లేకుండా ఏ యాప్ కూడా స్క్రీన్ చూడకూడదని పెట్టిన కాపలా (మొదట్లో నాకూ చిరాకేసింది). ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుతో విండోలు మిణుకుమంటుంటే డ్రైవర్ 555 కన్నా పాతదేమో చూడండి, ప్లాస్మా కూడా 6.1 లేదా ఆపైది ఉండాలి. ఇంకా ఏదైనా మొరాయిస్తే, కొత్త యూజర్ ఖాతాలో అదే పని చేసి చూశాకే కేడీఈ వాళ్లకు బగ్ (లోపం) గురించి రాయండి, సగం సార్లు తప్పు మన పాత సెట్టింగులదే.