బస్తా ధర నిజంగా పెరిగిందా? రిజర్వ్ బ్యాంకు లెక్కలతో తేల్చుకోవడం ఎలా?

దాళ్వా (రబీ) కోతలప్పుడు మా కోనసీమలో ఏ కాలవగట్టు మీద టీ కొట్టు దగ్గర కూర్చున్నా ఒకటే వాదన. "ధాన్యం రేటు ఎప్పుడూ లేనంత పెరిగింది కదండీ" అని ఒకరంటే, "ఏం పెరిగిందండీ, ఖర్చులన్నీ పోతే మిగిలేదేముంది" అని ఇంకొకరు. ఇది తేల్చడానికి కావలసిన అంకెలు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉన్నాయి, అవీ ఉచితంగా. 1935లో మొదలైన ఈ బ్యాంకు వడ్డీ రేట్లు నిర్ణయించి ఊరుకోదు. ధరలు, డిపాజిట్లు, బంగారం, పంటలు దశాబ్దాల తరబడి ఎలా నడిచాయో పట్టికలు కట్టి ఏటా అందరి ముందూ పెడుతుంది. గుణకారం, భాగహారం వస్తే చాలు, మన లెక్క మనమే వేసుకోవచ్చు.

ప్రశ్నను చిన్నది చేసుకోండి

"ఆర్థిక పరిస్థితి ఎలా ఉంది?" అని వెతికితే రాత్రంతా వెతుకుతూనే ఉంటారు. నేను అడిగింది ఇది: 2014-15లో ఒక బస్తా అమ్మిన డబ్బుతో కొన్న సరుకులే 2024-25లోనూ ఒక బస్తా అమ్మి కొనగలమా?

పట్టికలు దించుకోండి

రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్లో పబ్లికేషన్స్ విభాగంలో, ఏటా వచ్చేవాటిలో, 'హ్యాండ్‌బుక్ ఆఫ్ స్టాటిస్టిక్స్ ఆన్ ఇండియన్ ఎకానమీ' ఉంటుంది. ఒక్కో పట్టికనూ ఎక్సెల్‌లో దించుకోవచ్చు. మనకు కావలసినవి రెండే: ప్రభుత్వం ప్రకటించే కనీస మద్దతు ధరల పట్టిక, వినియోగదారుల ధరల సూచీ (జనం కొనే సరుకుల ధరలు సగటున ఎంత పెరిగాయో చూపే అంకె) పట్టిక. పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి చదువుకునే పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుంటే పది నిమిషాల పని.

మన కొలతల్లోకి మార్చండి

నేను మొదటిసారి ఇక్కడే బోల్తా పడ్డాను. క్వింటా ధరలు చదివి వినిపిస్తుంటే మా బాబాయ్ విసుక్కున్నాడు. "అబ్బాయ్, ఆ క్వింటాలు నాకెందుకురా, బస్తాల్లో చెప్పు" అన్నాడు. మన బస్తా 75 కిలోలు కాబట్టి క్వింటా ధరను 0.75తో గుణించాలి. బంగారం చూస్తుంటే పట్టికలో 10 గ్రాముల ధర ఉంటుంది, మన కాసు 8 గ్రాములు, కాబట్టి 0.8తో గుణించాలి.

ధరల పెరుగుదలను తీసేయండి

సాధారణ రకం ధాన్యానికి 2014-15లో మద్దతు ధర క్వింటాకు 1,360 రూపాయలు, అంటే బస్తా 1,020. 2024-25లో 2,300, అంటే బస్తా 1,725. చూడ్డానికి 705 రూపాయల పెరుగుదల. ఇప్పుడు ధరల సూచీ చూడండి. 2012ను 100 అనుకుంటే 2014-15 సగటు సుమారు 119, 2024-25 సగటు సుమారు 193. పాత ధరను కొత్త సూచీతో గుణించి, పాత సూచీతో భాగించాలి:

1,020 × 193 ÷ 119 = 1,654

అంటే 2014-15 నాటి బస్తాకు 2024-25లో విలువ 1,654 రూపాయలు. వచ్చింది 1,725. పదేళ్లకు బస్తా మీద నిజంగా పెరిగింది 71 రూపాయలు. టీ కొట్టు దగ్గర ఇద్దరూ గెలిచినట్టే, లేదా ఇద్దరూ ఓడినట్టే.

మొదలుపెట్టే ఏడాది మార్చి చూడండి

ఈ పని చాలామంది చెయ్యరు. నా దృష్టిలో అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. 2017-18లో 1,550 ఉన్న మద్దతు ధర ఆ మరుసటి ఏడాది ఒక్కసారిగా 1,750 అయింది. లెక్కను 2018-19 నుంచి మొదలుపెడితే బస్తా సుమారు 1,312, సూచీ దాదాపు 140. పైన చెప్పినట్టే గుణించి భాగిస్తే 1,809 వస్తుంది. చేతికొచ్చింది 1,725. అంటే 71 రూపాయల లాభం పోయి 84 రూపాయల నష్టం కనిపిస్తోంది. అవే పట్టికలు, అదే బస్తా. రేపు ఎవరైనా మీటింగులో "పదేళ్లలో ఇంత పెరిగింది", "ఆరేళ్లలో ఇంత తగ్గింది" అంటే లెక్క ఏ ఏడాది నుంచి వేశారో ముందు అడగండి. మీరు కూడా ఒక్క లెక్కతో ఆగకుండా కనీసం మూడు వేర్వేరు ఏళ్ల నుంచి వేసి చూడండి.

సూచీ తెగిన చోట అతకండి

పాతికేళ్లు వెనక్కి వెళ్తే మధ్యలో సూచీకి బేస్ సంవత్సరం, అంటే 100 అనుకునే ఏడాది, మారుతుంది. ఉదాహరణకు, ఇంకో సూచీ అయిన పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ 2020 ఆగస్టులో 338 ఉండి, సెప్టెంబరులో 118.1కి పడిపోయినట్టు కనిపిస్తుంది. ధరలేమీ పడలేదు, బేస్ 2001 నుంచి 2016కి మారింది. దీనికి 2.88 అనే అతుకు సంఖ్య ఇచ్చారు. 118.1ని దాంతో గుణిస్తే 340 వస్తుంది, పాత వరుసలో కలిసిపోతుంది. గ్రాఫ్ మధ్యలో గొయ్యి కనబడితే కంగారు పడకుండా పట్టిక అడుగున చిన్న అక్షరాలు చదవండి.

డిపాజిట్లకూ ఇదే పద్ధతి, ఇంకా సులువు: వడ్డీలోంచి ఆ ఏటి ధరల పెరుగుదల తీసేస్తే సరి. 2013-14లో తొమ్మిది శాతం వడ్డీ అంటే నాన్న మహా సంబరపడ్డారు. ఆ ఏడాది ధరలూ తొమ్మిది శాతం పైనే పెరిగాయి, మిగిలింది సున్నా. 2018-19లో ఏడుకి తగ్గిందని గొణుక్కున్నారు. ధరలు పెరిగింది 3.4 శాతమే కాబట్టి ఆ ఏడాదే నిజంగా మూడున్నర దాకా మిగిలింది.

మన వరుస ఒకటి పక్కన రాసుకోండి

బస్తా లెక్కకు వాడిన ఆ సూచీ దేశం మొత్తానికి సగటు. 2012 బేస్‌తో ఉన్న ఆ వరుసలో దాదాపు 46 శాతం తిండి ఖర్చే. రొయ్యల మేత, కోత మిషను అద్దె అందులో ఉండవు. మద్దతు ధర కూడా ప్రకటించిన ధరే గానీ ముట్టిన ధర కాదు. ఒక ఏడాది తేమ ఎక్కువుందని మిల్లులో బస్తాకు ఎంత కోశారో మాకింకా గుర్తే. అందుకే నా ఎక్సెల్‌లో ఇంకో వరుస పెట్టాను, మాకు నిజంగా ముట్టిన రేటు. నాన్న డైరీల్లోంచి ఒక్కో ఏడాదీ ఎక్కిస్తూ వెళ్తే 2011 సార్వా (ఖరీఫ్) దగ్గర పేజీ ఖాళీగా ఉంది. ఆ ఏడు కోనసీమలో రైతులు క్రాప్ హాలిడే పెట్టారు, అంటే కావాలనే పంట వెయ్యకుండా ఊరుకున్నారు. పట్టికలో 2011-12 మద్దతు ధర 1,080 అని నిక్షేపంగా ఉంది, మా చేలో మాత్రం నారే పడలేదు.